లింగాలకు నక్షత్రాలు

ఐదడుగుల నక్షత్రాన్ని పట్టుకుని ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కడం మాటలు కాదని గ్రేస్‌కు ఆ రోజే తెలిసింది. అడ్డంగా పెడితే రెండు కొమ్ములు తలుపుకు తగులుకున్నాయి, నిలువుగా పెడితే ఒకటి. లోపలున్నవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు గానీ సీట్లోంచి లేచిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. చివరికి గ్రేస్, స్నేహితురాలు ఇరమ్ కలిసి ఎలాగో వెనక సీటు దాకా చేర్చారు. కండక్టరు వచ్చి, ఇది మనిషి కంటే ఎక్కువ చోటు తింటోందని దానికీ టికెట్టు కొట్టాడు. కోడిపెట్ట బరువు కూడా లేని దానికి టికెట్టేమిటని ఇరమ్ ఎర్రగుంట్ల దాకా వాదించింది. టికెట్టు మాత్రం తగ్గలేదు.

గ్రేస్, ఇరమ్ డిగ్రీలో ఒకే బెంచీ. ఇరమ్ వాళ్ల నాన్న అబ్దుల్ సలాంది వెదురు పని. ఏడాది పొడుగునా నిచ్చెనలూ తడికలూ చేస్తాడు, పీర్ల పండక్కు మాత్రం తాబూతులు కడతాడు. వెదురు బద్దల మీద రంగు కాగితాలు అంటించి ఆయన గోపురం లేపాడంటే వీధి వీధంతా వచ్చి చూసి పోవాల్సిందే. కిందటి మొహర్రంలో అది చూస్తూ నిలబడిన గ్రేస్‌కు తమ ఇంటి ముందు వేలాడే ప్లాస్టిక్ నక్షత్రం గుర్తొచ్చింది. కొన్న వారానికే కొమ్ము విరిగి ముఖం వేలాడేసుకునే దిక్కుమాలిన సరుకది. ఇంత పనితనం ఊళ్లో ఉండగా క్రిస్మస్ చుక్క బజారు నుంచి ఎందుకు రావాలి? ఆ మాట ఇరమ్‌తో అన్నదే తడవు, సలాం ఇంటి వసారా కార్ఖానా అయిపోయింది. బద్దలు చీల్చడం, కట్టడం ఇరమ్ పని. బొమ్మలు గీయడం, కాగితంలో పూలూ పక్షులూ కత్తిరించడం, ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రాంలో పెట్టడం గ్రేస్ పని. జిగురు కాచడం సలాం పని. దాని దగ్గరికి ఆయన ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

ఇదంతా గ్రేస్ వాళ్లమ్మ కమలమ్మకు సుతరామూ నచ్చలేదు. ఆమె రిటైరైన టీచరు. ఆమె తల్లి టీచరు, తాత మిషన్ బళ్లో టీచరు. ఆ ఇంట్లో సుద్దముక్క తప్ప ఇంకో పనిముట్టు ఎవరూ పట్టింది లేదు. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు స్కూల్లో కూతురికి ఉద్యోగం మాట్లాడి పెట్టింది. జనవరి రెండున చేరాలి. ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంది. చేరే రోజు కట్టుకోమని నిమ్మపండు రంగు నూలు చీర కూడా కొని, ఎర్ర అంచు పైకి కనపడేలా మడిచి ఆ కాగితం పక్కనే పెట్టింది. గ్రేస్‌కు క్లాసులో నిలబడితే గొంతు ఎండిపోతుంది. ఆ చీరను చూసినప్పుడల్లా ఎండిపోతోంది.

“క్రిస్మస్ లోపల నీ చుక్కలు నిలబడితే సరే. లేకుంటే నోరు మూసుకోని బడికి పోవాల” అని కమలమ్మ తేల్చి చెప్పేసింది.

అలాంటి సమయంలో పులివెందుల దగ్గరి లింగాల ఊరి పాస్టరు సాలోమోను అయ్యగారు ఫొటోలు చూసి ఫోన్ చేశాడు. సంఘంలో ఇరవై ఐదు ఇళ్లు, ఇంటికొకటి, గుడికి ఒక పెద్దది. డిసెంబరు ఇరవైన సెమీ క్రిస్మస్. ఆ రోజు పులివెందుల, వల్లూరు సంఘాలవాళ్లు కూడా వస్తారు. వాళ్ల కళ్లలో పడితే వచ్చే ఏడాదికి పని వెతుక్కోనక్కర్లేదు. గ్రేస్ ప్రాణమంతా ఆ ఇరవయ్యో తేదీ మీద పెట్టుకుంది. చిన్నవి ముందే ఆటోలో పంపించి, పెద్దదాన్ని చెప్పానే, అలా బస్సులో తీసుకెళ్లి, ఎనిమిదో తేదీకల్లా అన్నీ వేలాడదీసి వచ్చారు. సాయంత్రం దీపాలు వేస్తే పేట పేటంతా వెలిగిపోయింది. తిరుగు బస్సులో ఇద్దరూ వెర్రివాళ్లలా నవ్వుకున్నారు.

నాలుగో రోజు తుపాను ముసురు పట్టింది. పెద్ద వానేం కాదు, తుంపర. పదమూడున పొద్దున్నే సాలోమోను ఫోన్. ఆయన మంచివాడు కాబట్టి తిట్టలేదు, ఒకసారి వచ్చి చూడండమ్మా అని మాత్రం అన్నాడు. సలాంను కూడా వెంటబెట్టుకుని వెళ్లారు. కాగితమన్నది ఒక్క చుక్కకూ లేదు. ఎర్రవీ నీలంవీ అన్నీ జారి వాకిళ్లలో ముద్దలై పడున్నాయి. పైన ఉత్త బద్దలు వేలాడుతున్నాయి, నడుమ బల్బు ఒకటి సిగ్గులేకుండా వెలుగుతోంది. ఈకలు పీకిన కోళ్ల మాదిరి ఉండాయని ఒకావిడ అంటే ఆడవాళ్లంతా పక్కకు తిరిగి నవ్వారు.

సలాం కింద పడిన కాగితం ముక్కను తీసి వేళ్ల మధ్య నలిపి, అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ఆయనకు అప్పుడు అర్థమైంది. తాబూతును పదోరోజు నీళ్ల దగ్గరికి తీసుకుపోయి ముంచి చల్లబరుస్తారు. తడి తగలగానే కాగితం విడిపోవాలి, బద్దలు మళ్లీ ఏడాదికి పనికి రావాలి. అందుకే మైదా పల్చగా కాచడం వాళ్ల నాయన నేర్పాడు. చుక్కలకూ అదే కాచాడు.

“నలభై ఏండ్లుగా నా చెయ్యి నీళ్లల్లో ఊడిపోయేదాన్నే అంటిస్తాండాది మా. ఇది నెల్లాళ్లు నిలబడాలని దానికి తెలీకపాయ” అన్నాడు.

అంత పెద్దమనిషి తలొంచుకుని కూర్చుంటే ఇరమ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. గ్రేస్‌కు ఏడుపొచ్చింది. చుక్కల కోసం కొంత, ఆయన కోసం కొంత.

ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు తల్లికి చెప్పేసి, జనవరి రెండున స్కూల్లో చేరతానంది. కమలమ్మ సంతోషిస్తుందనుకుంది. ఆమెకు కోపం నషాళానికెక్కింది.

“సగంలో ఇడిసిపెట్టి వచ్చేదానివి పిల్లోళ్లకేం చెప్తావు నువ్వు? బద్దలు బాగుండాయా?”

“బాగుండాయి.”

“అయితే చొక్కా మారిస్తే సరిపాయ. కాగితం ఎందుకు, జిగురెందుకు? గుడ్డ చుట్టి కుట్టండి.”

మర్నాడు సూదుల డబ్బా, దారపు ఉండలు సంచిలో వేసుకుని కమలమ్మే ముందు బస్సెక్కింది. లింగాలలో ఇంటింటికీ తిరిగి ఒక్కో పాత చీర అడిగింది. టీచరమ్మ అడిగే తీరే వేరు, లేదనడానికి ఎవరికీ నోరు రాలేదు. పాతికేళ్ల కిందటి పెళ్లి చీరలు, కాన్పుకు పుట్టింటివాళ్లు పెట్టినవి, చినిగినా పారేయలేక దాచుకున్నవి పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. ఒకింట్లో ముసలాయన ఒక్కడే ఉంటాడు. చీర యాడిది మా అని గళ్ల లుంగీ ఇచ్చాడు. గ్రేస్ కొలిచి కత్తిరించేది, ఆడవాళ్లు కుట్టేవాళ్లు. సలాం ప్రతి బద్దకూ దారం జారకుండా చాకుతో గాట్లు పెడుతూ, రెండో రోజుకు మళ్లీ మనుషుల్లో పడ్డాడు. ఎవరి చుక్క ఏ చీరదో, ఆ చీర ఏ పండగదో చెప్పుకోవడంతో ఐదు రోజులు ఇట్టే గడిచాయి. అందరికీ నచ్చింది మాత్రం లుంగీ చుక్కే.

పెద్దదాని మాట గ్రేస్ ఎత్తినప్పుడల్లా కమలమ్మ దాని సంగతి నీకెందుకని కసిరేది. గుడి తలుపు దగ్గరికి వేసుకుని ఇద్దరు ఆడవాళ్లతో కలిసి తనే కుట్టింది. ఎవరినీ తొంగి చూడనివ్వలేదు.

ఇరవయ్యో తేదీ పొద్దు గుంకేసరికి వీధి నిండా జనం. సరిగ్గా అప్పుడే మళ్లీ తుంపర మొదలైంది. గ్రేస్ ఇరమ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇళ్ల ముందు చుక్కలన్నీ తడిశాయి, ఒక్కటీ జారలేదు. తడిసిన చీరల్లోంచి వెలుగు ఇంకా నిండుగా వస్తోంది. వల్లూరు పాస్టరు గొడుగు కూడా మరిచిపోయి లుంగీ చుక్క కింద నిలబడి, మా ఊరికి నలభై కావాల, ఎవురిని అడగాలప్పా అని సలాంనే అడిగాడు. సలాం ఆడపిల్లలిద్దరి వైపూ చెయ్యి చూపించాడు.

అప్పుడు గుడి మీది పెద్ద చుక్క వెలిగింది. నిమ్మపండు రంగు. కొమ్ముల చుట్టూ ఎర్ర అంచు. గ్రేస్ దాన్ని చూసి, పక్కనున్న తల్లిని చూసి, మళ్లీ పైకి చూసింది.

“అమ్మా, అది స్కూలుకు కట్టుకోమని తెచ్చిన చీర గదా.”

కమలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మాత్రం చుక్క మీంచి తిప్పలేదు.

“ఊ. ఇంగ కట్టుకోను చీర లేదు గదా, బడికెట్ల పోతావులే” అంది.