బాలింతల గడ్డ

ఉడికిన పిల్లితీగ గడ్డను వేడిమీదే ఒలవాలి. చల్లారితే తోలు కండను వదలదు. తెల్లవారుజామున జమ్లి అట్లా ఒలిచి నడిమి ఈనెలు లాగేస్తుంటే, ఆమె మొగుడు భీమ్లా ఎండిన గడ్డలను సంచిలో కూరుతున్నాడు. గునపం మోసి మోసి అతని కుడి భుజం ఒక పక్కకు వాలింది. గుండాల అడవిలో గడ్డలు తవ్వడమే అతని బతుకు. నోరు మాత్రం ఒక్కనాడూ అలసిపోలేదు. ఒకసారి ఒక గడ్డను తవ్వుకుంటూ పోతే దాని కొస గోదావరి అడుగున తేలిందనీ, లాగితే నది కారిపోతుందని భయపడి పూడ్చి వచ్చాననీ ఒట్టేసి చెప్పేవాడు. తండావాళ్లు నమ్మినట్టే తల ఊపేవాళ్లు. బీడీలు పంచేది అతనే కదా.

జమ్లి నుదుటి మీద చెమట ధార కట్టింది. రెండేళ్లుగా ఆమెకు అంతే. ఉన్నట్టుండి ఒళ్లు మండుతుంది, రాత్రి నిద్ర ఉండదు.

"నువ్వు పక్కన కూసుంటే సాలు గదా, గడ్డలకు ఎండెందుకు?" అన్నాడు భీమ్లా.

ఆమె మరో గడ్డ అందుకుంది. పోయిన వారం "నాకింత ఉంచు, పాలల్ల తాగి సూస్త" అని ఆమె అడిగింది. తండాలో ఆ గడ్డ పాలు పడడానికే. బాలింతకో, ఈనిన బర్రెకో పెడతారు. పదిమంది ఉండగా భీమ్లా ఊరుకుంటాడా? "ఏంది, ఈ వయసుల ఈనినవా?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. జమ్లి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా నవ్వుతున్నదనే అతను అనుకున్నాడు.

భీమ్లా ఇల్లందు చేరేసరికి సరుకు కొనే మహబూబ్ అలీ నమాజుకు పోయి ఉన్నాడు. దుకాణంలో అతని భార్య తాహెరా ఉంది. సంచి తూచి, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా చూపించింది.

"మీ గడ్డే. పట్నంల గోలీలు చేసి అమ్ముతున్రు."

"బాలింతలకా అమ్మా?"

"మా అసుంటోళ్లకు, భీమ్లా. నెలసరి ఆగినంక ఒళ్లు మండుతది సూడు, దానికి. డాక్టరమ్మ రాసింది. ఇప్పుడు జర నిద్ర వడుతున్నది. మీ ఇంట్లామె తాగుతలేదా? ఇంటి నిండ గడ్డలే గదా."

భీమ్లా డబ్బాను చేతిలో తిప్పాడు. "అడిగింది," అన్నాడు.

సంచిలో చేయి పెట్టి లావుపాటి గడ్డలు ఏరి తువ్వాలులో మూటగట్టుకున్నాడు. "ఇవి తూకంల తీసెయ్యమ్మా." బస్టాండు దగ్గర పాల పాకెట్టు కొన్నాడు. బస్సు కుదుపులకు అది పగలకుండా కడుపుకు హత్తుకుని కూర్చున్నాడు. జమ్లితో ఏమనాలో దారంతా వెతుక్కున్నాడు. గోదావరి దాకా గడ్డను సాగదీసినవాడికి ఆ ఒక్క మాట పెగల్లేదు.

ఇంటి తలుపుకు గొలుసు వేసి ఉంది. పక్కింటి ద్వాలి బయటికి వచ్చింది.

"వదిన పొద్దుగాలనే, గడ్డలు ఒలుసుడు కాంగనే పోయింది అన్నా. సత్తుపల్లికి, తమ్మునింటికి."

"ఎప్పుడొస్తనన్నది?"

"రానన్నది. నా ఒళ్లు జూసి నవ్వేటోళ్లు లేనికాడ పండుకుంట అన్నది. నిన్ను గూడ రావద్దన్నది."

భీమ్లా గొలుసు తీశాడు. లోపల గడ్డలన్నీ ఒలిచి, చాప మీద ఆరబోసి ఉన్నాయి. పాలు పొయ్యి పక్కన పెట్టి పెరట్లోకి నడిచాడు.

"రాత్రిళ్లు నువ్వు నిద్రవోయినంక ఈడనే పండేది," అంది ద్వాలి వెనకనుంచి. "బొంత నీళ్లతోటి తడిపి."

వెనక గోడ నీడలో ఒక మనిషి మేర బొంత పరిచి ఉంది. వంగి చేయి వేశాడు. ఇంకా ఆరలేదు.