సంచి బరువు

పొద్దున్నే వచ్చి హోనామి బొగ్గుముక్క చెక్కుకుంటుంది, కాగితం బిగిస్తుంది, స్టూలు మీద కూర్చుంటుంది, వెంటనే లేస్తుంది. మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ కూర్చుంటుంది. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది. జపాన్లోని నగోయాలో, బొమ్మలు గీయడం నేర్పే ఆ శిక్షణాలయంలో ఆ కాలి సంగతి తెలియనివాళ్ళు లేరు. దాంతోపాటు పక్క స్టూలు అమ్మాయి తొమోయె కాగితం బిగించుకునే ఈజిల్ కూడా వణుకుతుంది, పాపం.

ఆర్ట్ కాలేజీ ప్రవేశపరీక్షకి హోనామి తయారవడం ఇది మూడో ఏడు. రోజూ అవే వస్తువులు: గుడ్డు, పింగాణీ గిన్నె, చెక్క దిమ్మ. వాటిని బల్లకి దారాలతో కట్టి ఉంచుతారు. ఎవరైనా సరిగ్గా గీస్తే, బొమ్మ పూర్తయ్యాక వస్తువు బరువంతా కాగితంలోకి దిగిపోతుంది. వస్తువేమో మెల్లగా లేస్తుంది, దారం లేకపోతే పైకప్పుకి అంటుకుంటుంది. బొమ్మ తుడిచేస్తే మళ్ళీ కిందికొస్తుంది. తొమోయె గీసినప్పుడల్లా గుడ్డు దారం చివర గాలిపటంలా నిలబడేది. హోనామి గీస్తే పెట్టినచోటే ఉండేది.

సాయంత్రం బొమ్మలన్నీ గోడవారన అరమీద వరసగా నిలబెట్టేవారు, క్లిప్పుల్లేకుండా. కురమోచి మాస్టారు కిటికీ తెరిచేవారు. బరువున్న కాగితం నిలిచేది, లేనిది ఎగిరి కింద పడేది. ఆ తర్వాత మాస్టారికన్నా ముందు పక్క స్టూలువాళ్ళు మాట్లాడాలి. "బాగుంది" అని తప్పించుకోవడానికి వీల్లేదు.

హోనామి కాగితమే ముందు పడేది. నీడ ముదురుగా ఉండాలని ఒకరంటే ముదురు చేసింది. అంచు పల్చగా ఉండాలని ఇంకొకరంటే పల్చన చేసింది. అందరి మాటా విని విని చివరికి ఆ గుడ్డు ఎవరిదీ కాకుండా పోయింది. ఎండాకాలంలో ఒకసారి తొమోయె మాత్రం వేరే మాట అంది.

"నీ గుడ్డు బల్ల మీద కూర్చోలేదే. ఎప్పుడు లేచిపోదామా అని చూస్తోంది. అచ్చం నీలాగే."

అందరూ గొల్లున నవ్వారు. హోనామికి ఒళ్ళు మండింది. ఆరోజు నుంచీ సాయంత్రం బొమ్మల గురించి తప్ప వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

సొంతూరు త్సురుగాలో హోనామి నాన్నకి లాండ్రీ ఉంది. ఈమధ్య ఫోన్లో ఆయన గట్టిగానే చెప్పేశాడు. "ఈ ఏడాది ఆఖరి క్లాసు అయిపోగానే సాయంత్రం రైలుకి వచ్చెయ్యమ్మా. ఇక చాలు. కౌంటర్లో కూర్చుందువుగాని." కాదనడానికి హోనామి దగ్గర ఏముంది? నిలబడ్డ కాగితం ఒక్కటీ లేదు. వెళ్ళాలని లేదు, ఉంటానని చెప్పే మొహమూ లేదు.

ఆ ఆఖరి రోజున బట్టలన్నీ సర్దిన సంచి భుజాన వేసుకొచ్చి తలుపు పక్కన పెట్టింది. టికెట్టు సంచి పైజేబులో ఉంది. గదిలో ఏది నచ్చితే అది గీయమన్నారు మాస్టారు. హోనామి గిన్నె ఎంచుకుంది. బొగ్గుగీత తుడవడానికి అక్కడ అందరూ బ్రెడ్డు రొట్టె మెత్తటి భాగం వాడతారు, అట్ట కట్టిన అంచు తినేస్తారు. తను తెచ్చుకున్న రొట్టెతో ఓ గీత తుడవబోతే అది పోలేదు సరికదా, నల్లగా, జిడ్డుగా పరుచుకుంది.

తొమోయె ముక్కు ఎగబీల్చి, ఇన్నాళ్ళకి తనే నోరు విప్పింది. "వెన్న వాసనొస్తోంది. వెన్నరొట్టె కొన్నావా? మూడేళ్ళుగా ఏం నేర్చుకున్నావే నువ్వు?"

"హడావిడిలో చూసుకోలేదు. నోరు ముయ్యి."

"ముయ్యను. ఇంద, నా రొట్టెలో సగం. కొత్త కాగితం బిగించు."

"గిన్నె మళ్ళీ మొదట్నుంచీ గీసే టైం లేదు."

"గిన్నె సంగతి వదిలెయ్. దాన్ని ఒక్కసారైనా చేత్తో ఎత్తి చూశావా? నీకు బరువు తెలిసింది ఏదో అది గీయి."

"నాకు తెలిసిన బరువు అదొక్కటే!" కోపంగా తలుపు పక్కనున్న సంచి వైపు చూపించింది హోనామి.

"మరి అదే గీయి, నా తల్లీ."

హోనామి కొత్త కాగితం బిగించి మొదలుపెట్టింది. పట్టీ ఎక్కడ భుజాన్ని కోసిందో ఆమెకి తెలుసు. ఉన్నిబట్టల బరువుకి సంచి అడుగు ఎలా జారిందో తెలుసు. నాన్న ఇస్త్రీ చేసి పంపిన చొక్కాల మడతలు పక్కనుంచి పొడుచుకొస్తున్నాయి. గీస్తూ ఉండిపోయింది. తొమోయె ఈజిల్ వణకడం మానేసింది.

సాయంత్రం మాస్టారు కిటికీ తెరిచారు. డిసెంబరు గాలి రివ్వున వచ్చింది. ర్యూసుకె అనే కుర్రాడు గీసిన దిమ్మ బొమ్మ పడిపోయింది, దాని పక్కదీ పడింది. హోనామి కాగితం నిలబడింది. దాని కింద అరచెక్క కిర్రుమంది.

మొదట మాట్లాడాల్సింది తొమోయె. "పట్టీ దగ్గర నీడ కాస్త ఎక్కువైంది," అని ఆగింది. "కానీ కూర్చుందే. కుదురుగా కూర్చుంది."

మాస్టారు బొమ్మ వైపు కాకుండా పైకి చూస్తున్నారు. ట్యూబులైటు పక్కన సంచి పైకప్పుకి ఆనుకుని ఉంది. దానికి దారం కట్టాలని ఎవరికీ తోచలేదు.

ర్యూసుకె రొట్టెముక్క తెచ్చి హోనామి చేతిలో పెట్టాడు. "బొమ్మ తుడిచెయ్. సంచి దిగుతుంది, రైలు అందుతుంది."

అంతలో ఫోను మోగింది.

"బయల్దేరావా అమ్మా?"

"సంచి పైకెళ్ళిపోయింది నాన్నా."

అవతల ఇస్త్రీ ఆవిరి చప్పుడు ఆగింది.

"ఎవరు గీశారు?"

"నేనే."

ఆయన నెమ్మదిగా, "తుడిస్తే దిగుతుంది కదా?" అన్నాడు.

హోనామి చేతిలో రొట్టె వైపు చూసింది. నోట్లో పెట్టుకుని నమిలి మింగింది.

"రొట్టె అయిపోయింది నాన్నా."

"బట్టలన్నీ అందులోనే కదే," అన్నాడాయన. "చలికి ఏం కట్టుకుంటావు? రేపే కోటు పంపిస్తాను. అడ్రసు అదేగా?"

"అదే," అంటూ హోనామి తన స్టూలు మీద కూర్చుంది.