కుడి గుంజ

1919 అక్టోబరు 19, ఆదివారం. ఆ మధ్యాహ్నం సారాకొట్టు నడిపే పాజెవాల్క్ అమ్మ మాకు ఉడికించిన బంగాళాదుంపలు, ఆవపిండి పులుసు పెట్టింది. ఆ పులుసులో కోడిగుడ్లుండాలి. వాటికి బదులు టర్నిప్ ముక్కలు తేలుతున్నాయి.

"గుడ్లేవమ్మా?" అన్నాడు కూనో, గరిటెతో గిన్నె అడుగంతా దేవుతూ.

"దారిలో ఉన్నాయి. నోర్మూసుకుని తిను," అందావిడ.

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లం గొల్లున నవ్వాం. నవ్వు సగంలోనే తెగిపోయింది. 'దారిలో' అన్నది మా సంఘంలో ఎవరూ ఊరికే అనే మాట కాదు. ఆ సాయంత్రం మేం తేల్చుకోవలసింది కూడా ఆ మాట సంగతే. నోరు జారినందుకు పాజెవాల్క్ అమ్మ మా ఎవరి మొహమూ చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా ఫుట్‌బాల్ సంఘం 1890లో పుట్టింది. నాకప్పుడు పదిహేడేళ్లు. బడిలో మా వ్యాయామ పంతులు ఈ ఆటను ఇంగ్లీషు తెగులు అనేవాడు. చేతులున్న మనిషి బంతిని కాలితో తన్నడమేమిటని ఆయన బాధ. బెర్లిన్‌లో మాకు ఆడుకోవడానికి టెంపెల్‌హోఫ్ కవాతు మైదానం తప్ప వేరే చోటు లేదు. అది సైన్యానిది. ఆదివారాలు ఆడుకోనిచ్చేవారు గానీ, చీకటి పడేలోగా నేలలో ఒక్క మేకు కూడా మిగలకూడదు. సోమవారం పొద్దున్నే అక్కడ గుర్రాలు పరుగెత్తాలి.

అందుకని గోలు గుంజలు మేమే మోసుకెళ్లేవాళ్లం. ఒక గోలు మాది, రెండోది ఎదుటి జట్టువాళ్లు తెచ్చుకునేది. మా గుంజలు రెండూ పాజెవాల్క్ వాళ్ల సారాకొట్టు పక్కనున్న సన్నటి నడవాలో గోడకు ఆనించి ఉండేవి. ఆదివారం నడవా తలుపు తీసి, వాటిని భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవాళ్లం. పై అడ్డకర్రకు బదులు తాడు కట్టేవాళ్లం. బంతి తాడు కింద నుంచి పోయిందా, పై నుంచా అని ఎన్ని తగాదాలో! మమ్మల్ని చూసి వీధిలో జనం, "అదుగో, కొంగలు కాళ్లు భుజానేసుకుని బయల్దేరాయి!" అని కేకలేసేవారు. బడిలో నేర్చుకున్న లాటిన్‌లోంచి ఏరి మేం పెట్టుకున్న గొప్ప పేరు ఎవరి నోటా నిలవలేదు. రెండో ఏడు మేమే దాన్ని వదిలేసి 'క్రానిఖ్' అయ్యాం. మా భాషలో కొంగనే అలా అంటాం.

ఎడమ గుంజ నాది. ముప్పై దాటి, మోకాలు చెడి ఆట మానేశాక కూడా గుంజ మోయడం మానలేదు. కుడి గుంజ 1904 నుంచి లోటార్‌ది. లోటార్ పాజెవాల్క్ అమ్మకు ఒక్కగానొక్క కొడుకు, మా గోల్‌కీపరు. తండ్రి లేడు కనుక కొట్లో గ్లాసులు కడిగే పని అతనిదే. అందుకే ఏ ఆదివారమూ మాతో కలిసి బయల్దేరలేదు. మేం మైదానం చేరి, కూనో నోటికి వచ్చిన వరసలో పేర్లు పిలుస్తుంటే, లోటార్ పేరు దగ్గర నేను ఎడమ గుంజ పట్టుకుని "దారిలో ఉన్నాడు" అనేవాణ్ణి. ఒక్క గుంజతో గోలు నిలబడదు. ఎదుటి జట్టు ఎంత తిట్టుకున్నా ఆగాల్సిందే. కాసేపటికి దుమ్ములోంచి లోటార్ పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. గుంజ దింపి, ప్రతివాడి వంకా చూసి, "ఆలస్యమైంది, మన్నించండి. గ్లాసులు ఎక్కువున్నాయి," అనేవాడు. ఎన్నేళ్లయినా అదే మాట. ఎన్నేళ్లయినా నిజంగానే సిగ్గుపడుతూ అనేవాడు.

ఒక ఏడాది వార్షిక సమావేశంలో బీరు జోరు మీద కూనో దీన్నొక నియమం చేశాడు. సమావేశాల్లో కూడా పేర్లు పిలవాలి. ఎవరి గురించైనా "దారిలో ఉన్నాడు" అని జవాబొస్తే అతను వచ్చేదాకా హాజరు ముగియదు. హాజరు ముగియనిదే ఏ విషయం మీదా చేతులెత్తకూడదు. అందరం బల్లలు చరిచి ఒప్పుకున్నాం. లోటార్ సిగ్గుతో ఎర్రబడి అందరికీ మరో గ్లాసు పోశాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. పోయినవాడి పేరు సమావేశంలో చివరిసారిగా ఒక్కసారి పిలిచేవాళ్లం, లేచి నిలబడేవాళ్లం, ఆ తర్వాత పిలిచేవాళ్లం కాదు. అలా సగం పేర్లు పోయాయి. లోటార్ సంగతి వేరు. 1916 శరత్కాలంలో ఫ్రాన్సులో సోమ్ నది దగ్గరి పోరులో కనబడకుండా పోయాడు. శవం దొరకలేదు, చూసినవాడు లేడు. ఆ తర్వాతి సమావేశంలో కూనో అలవాటుగా అతని పేరు పిలిచాడు. నేనూ అలవాటుగానే "దారిలో ఉన్నాడు" అన్నాను. గల్లా దగ్గర పాజెవాల్క్ అమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టి నా వంక చూసింది. ఆ చూపు చూశాక మరోలా జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.

ఆవిడ ఆ రోజు నుంచి నడవా తలుపుకి గడియ పెట్టడం మానేసింది. దొంగలు పడతారని ఇరుగుపొరుగు హెచ్చరించారు. "పడితే రెండు కర్రలు పట్టుకుపోతారు. నా కొడుకు చలిలో తలుపు కొడుతూ నిలబడకూడదు," అంది.

ఇప్పుడు మైదానం పడమటి సగంలో ఇళ్లు కడతారట. మేం ఆడే మూలకి కంచె వేసేశారు. పొరుగు పేటలో ఒక పెద్ద సంఘానికి సొంత మైదానం ఉంది, బట్టలు మార్చుకునే గదిలో పొయ్యి కూడా ఉంది. నెలాఖరులోగా మా సంఘాన్ని రద్దు చేసుకుని వస్తే అందరినీ చేర్చుకుంటామన్నారు. క్రానిఖ్ పేరు ఉండదు. కూనోకి, నాకు అది కష్టమే. కానీ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు పదిహేను మంది ఉన్నారు. ఇరవయ్యేళ్లకే చూడకూడనివన్నీ చూసి వచ్చినవాళ్లు. వాళ్లకి ఆదివారం ఆటైనా మిగలాలి. కానీ రద్దుకి చేతులెత్తాలి, మూడేళ్లుగా మా హాజరు ముగియనే లేదు.

భోజనమయ్యాక కూనో నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. కూనో రేకుల పనివాడు. ఎడమ చెయ్యి ఫ్రాన్సులో పోయింది. ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసుతో బిగించుకుంటాడు.

"ఒరేయ్ ట్రౌగొట్, ఇవాళ వాడి పేరొచ్చినప్పుడు నువ్వు నోరెత్తకు."

"ఎత్తకపోతే?"

"ఏముంది, తర్వాతి పేరు పిలుస్తాను. నాకున్నది ఒక్క చెయ్యి. అదైనా ఎత్తనివ్వరా!"

"ఆవిడ అక్కడే నిలబడి వింటుంటుంది."

"తెలుసు."

"అయితే పేరు పిలవడం నువ్వే మానెయ్యొచ్చుగా?"

కూనో పెరటి గోడ వంక చూశాడు. "పొద్దున అద్దం ముందు నిలబడి, వాడి పేరు వదిలేసి మిగతావి పిలిచి చూశాన్రా. నోరు దానంతటదే అనేసింది. నియమం మార్చుకుందామంటే దానికీ చేతులెత్తాలి. ఎత్తాలంటే వాడు రావాలి. బీరు తాగి చట్టాలు చేస్తే ఇంతే."

నేను వంటింట్లోకి వెళ్లాను. పాజెవాల్క్ అమ్మ తొట్టి ముందు నిలబడి పళ్లేలు కడుగుతోంది. వెనక్కి తిరగకుండానే, "హెడ్‌విగ్ పోయి ఏడాది అవుతోంది కదూ?" అంది.

"వచ్చే గురువారానికి."

"నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నానమ్మా."

"చెయ్యి పట్టుకుని?"

"పట్టుకునే."

"మంచిది," అంది. కడిగిన పళ్లెమే మళ్లీ కడిగింది. నా భార్య జ్వరంతో పోయిన రాత్రి గురించి అందరూ అయ్యో అన్నారు. అందులో ఒక మంచి కూడా ఉందని చెప్పింది ఈవిడ ఒక్కతే. ఆ మంచి ఆవిడకి దక్కలేదు.

"కూనో పంపాడా నిన్ను?"

"లేదు, నేనే వచ్చాను."

"ఏం అడగాలని?"

"అడగలేనమ్మా."

"అయితే ఆ గుడ్డ తీసుకుని పళ్లేలు తుడువు."

తుడిచాను.

దీపాలు పెట్టే వేళకి అందరూ చేరారు. గది నిండా తడి కోట్ల వాసన. కూనో బల్ల చివర నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. "ఉన్నా", "ఉన్నా" అని జవాబులొస్తున్నాయి. గల్లా దగ్గర పాజెవాల్క్ అమ్మ లేదు. వంటింట్లో ఉందనుకుని నాకు కాస్త ఊపిరాడింది.

"లోటార్ పాజెవాల్క్," అన్నాడు కూనో. అని, నా వంక చూడకుండా బల్ల మీద కళ్లు పెట్టుకున్నాడు.

ఊరుకుందామనే అనుకున్నాను. గది అంత నిశ్శబ్దంగా ఉండటం భరించలేకపోయాను.

"దారిలో ఉన్నాడు."

బెంచీ జరిగిన చప్పుడైంది. కుర్రాళ్లలో వెంట్సెల్ లేచి నిలబడ్డాడు. మంచి ఆటగాడు, నెమ్మదస్తుడు. అతను గొంతు పెంచడం నేను అంతకు ముందు వినలేదు.

"ఏ దారి ట్రౌగొట్ గారూ? మూడేళ్లుగా ఏ దారిలో ఉన్నాడు? నేనూ అక్కణ్ణుంచే వచ్చాను. అక్కడ దారి లేదు. బురద ఉంది, అంతే. మీరు చూడలేదు కాబట్టి అంటున్నారు."

"కూర్చోరా," అన్నాడు కూనో మెల్లగా.

"కూర్చుంటాను. కానీ మేం బతికొచ్చాం. బతికొచ్చినవాళ్లకి ఆడుకోవడానికి ఇంత చోటు కూడా..."

మాట పూర్తి చెయ్యలేదు. నడవాలో కర్ర గోడకి రాసుకున్న చప్పుడైంది. మళ్లీ అయింది. గది తలుపు భుజంతో తోసుకుని పాజెవాల్క్ అమ్మ లోపలికి వచ్చింది. భుజం మీద కుడి గుంజ ఉంది. అరవై దాటిన మనిషి. బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయింది. గుంజ చివర తలుపు చట్రానికి కొట్టుకుంది.

అందరికంటే ముందు వెంట్సెలే ఉరికి దాన్ని పట్టుకోబోయాడు.

"తప్పుకో నాయనా. ఇది మావాడి గుంజ."

అతను తప్పుకున్నాడు. ఆవిడ గ్లాసులు కడిగిన తడి చేతులతోనే గుంజని నా పక్కకి తెచ్చి నిటారుగా నిలబెట్టింది. కాసేపు ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత బల్ల చుట్టూ ఉన్న ఒక్కొక్కరి వంకా చూసింది, అచ్చం లోటార్ చూసినట్టే.

"ఆలస్యమైంది," అంది. "మన్నించండి. గ్లాసులు ఎక్కువున్నాయి."

ఎవరూ చెప్పకుండానే అందరం లేచి నిలబడ్డాం. కుర్రాళ్లలో చాలామంది లోటార్‌ని ఎన్నడూ చూడలేదు. అయినా వాళ్లూ లేచారు. వెంట్సెల్ టోపీ తీసి రెండు చేతులతో నలుపుతున్నాడు.

"కూనో," అందావిడ. "కుడి గుంజ వచ్చింది. ఇంక మొదలుపెట్టుకోండి. తన కోసం ఎవరి ఆటైనా ఆగితే వాడు సిగ్గుపడతాడు."

కూనో ఆవిడ వంక చూశాడు. "హాజరు ముగిసింది," అన్నాడు. తర్వాత రద్దు మాట చెప్పి, తనకున్న ఒక్క చెయ్యీ ఎత్తాడు. ఒక్కొక్క చెయ్యే లేచింది. చివరి చెయ్యి లేచేదాకా ఆవిడ గుంజ వదల్లేదు. ఆ చివరి చెయ్యి నాదే.

మా సంఘం అలా అయిపోయింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ చలికాలం పొయ్యిలోకి కట్టె దొరకడం కష్టం. అయినా ఆ గుంజల్ని చీలుద్దామని ఏ ఒక్కరూ అనలేదు. కుడి గుంజని తిరిగి నడవాలోకి మోసింది వెంట్సెల్.

"పైభాగం గోడకి, కింది భాగం మూలకి. అలా కాదు, జారుతుంది," అని ఆవిడ వెనక నుంచి చెబుతూ వెళ్లింది.

"ఇలాగా అమ్మా?"

"ఆ, అలాగే. మీ అమ్మకి చెప్పు, బట్టలారేసుకునే తాడు పాతబడితే మా దగ్గర గోలు తాడు ఉంది, గట్టిది."

"అలాగేనమ్మా," అన్నాడు. గుంజ వదిలి, "ఇందాకటి మాటకి..." అన్నాడు.

"నువ్వు అన్నది నిజమే కదరా. ఇంటికి పో, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

అందరూ వెళ్లాక నేను గ్లాసులు తుడవడానికి ఆగాను. నాకు ఇంటికి వెళ్లే తొందర లేదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. చివరి గ్లాసు అరలో పెట్టాక నా కోటు తెచ్చి ఇచ్చింది. జేబు కాస్త బరువుగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే కాగితంలో చుట్టిన ఉడికించిన గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది. ఆ రోజుల్లో గుడ్డు అంటే ఆషామాషీ కాదు.

"అమ్మా, ఇది మీరు..."

"గురువారం దాకా దాచకు, పాడవుతుంది. దారిలోనే తిను."

నడవాలోంచే బయటికి వచ్చాను. రెండు గుంజలూ పక్కపక్కనే గోడకి ఆనుకుని ఉన్నాయి. పాజెవాల్క్ అమ్మ గడప దాకా వచ్చింది. వీధి చివర మైదానం వైపు, దీపాలు లేని ఆ చీకట్లోకి కాసేపు చూసింది. నేను నాలుగడుగులు వేసి, ఏదో తోచి, ఆగి వెనక్కి తిరిగాను.

ఆవిడ నన్ను గమనించలేదు. రెండు చేతులతో తలుపు పట్టుకుని, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరికి వేసింది. మూడేళ్లుగా కదలని గడియ మొదట మొరాయించింది. తర్వాత పడింది.