ఎవరి ఏడున్నర వాళ్ళది

ఫిబ్రవరి రెండో ఆదివారం ఉదయం ఎనిమిదీ పదికి, బెల్లంకొండ పక్క ఊరి హైస్కూలు గ్రౌండులో, ఎనిమిదో తరగతి చదివే సంజన నడుం చుట్టూ హూప్ తిప్పుతూ కింద పడింది. హూప్ నేలమీద ఒక చుట్టు తిరిగి ఆమె కాళ్ళమీద ఆగింది.

వ్యాయామం టీచరు యమున ఎదురుగా నిలబడి ఫోనులో రికార్డు చేస్తోంది. ఇరవై నలుగురు పిల్లలు. రెండుసార్లు దరువు లెక్క తప్పి ఆపేశారు. అది మూడోసారి. సంజన పడ్డాక కూడా యమున తొమ్మిది సెకన్లు ఫోను దించలేదు. ఆ సంగతి వీడియోలో ఉంది. మళ్ళీ లెక్క తప్పిందనుకుంది.

దగ్గరికి వెళ్ళేసరికి సంజన నోటి నుంచి చొంగ కారుతోంది. ఒళ్ళంతా చెమట. బట్టలు తడిసిపోయాయి. కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి.

ఈ ఆట పని మొదలై ఏడు నెలలయింది. యమునకు ఇరవై తొమ్మిదేళ్ళు. కరోనా రోజుల్లో నరసరావుపేటలో అద్దె గదిలో ఉండి, ఫోనులో చూసి హూప్ తిప్పడం నేర్చుకుంది. అలా తిప్పేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరింది. ఆ గ్రూపులో పోర్చుగల్ నుంచి ఇనేష్ అనే ఆమె కిందటి జూలైలో ఒక మాట అంది. ఒకే రోజు, ఒకే దరువుకు, ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉదయం ఏడున్నరకు ఆడదాం. ఒక్కో ఊరికి పదహారు సెకన్లు. అన్నీ కలిపి ఒక్క వీడియో.

డిసెంబరుకల్లా పంతొమ్మిది దేశాల నుంచి ముప్ఫై ఒక్క బృందాలు చేరాయి. ఎవరి ఏడున్నర వాళ్ళది. న్యూజిలాండ్‌లో మొదలైన ఆట పెరూలో ముగుస్తుంది. ఎవరి ఏడున్నర మనకు ఎన్ని గంటలవుతుందో లెక్కగట్టి పట్టిక రాసింది యమునే. శ్రీలంక మనతోపాటు. కెన్యా మన పదింటికి. పోర్చుగల్ మధ్యాహ్నం ఒంటిగంటకు. పెరూ సాయంత్రం ఆరింటికి. వీడియోలన్నీ ముందు ఆమె ఫోనుకే రావాలి. ఆ ఆదివారం ఆమె నాలుగింటికి లేచింది. పిల్లలు గ్రౌండుకు వచ్చేసరికి న్యూజిలాండ్, జపాన్, ఫిలిప్పీన్స్ వీడియోలు వచ్చి ఉన్నాయి.

ఇంకో నియమం కూడా ఉంది. హూపులు కొనకూడదు. ఎవరి ఊళ్ళో దొరికేదానితో వాళ్ళే చేసుకోవాలి. ఫిలిప్పీన్స్ వాళ్ళు వెదురు వంచుకున్నారు. ఎలా చేయాలో తెలియనివాళ్ళ కోసం యమున ఇంగ్లీషులో ఒక పేజీ రాసి గ్రూపులో పెట్టింది. అందులో నాలుగో వాక్యం: పొలంలో వాడేసిన పైపు ఏదైనా పనికొస్తుంది. ఆ మాట పట్టుకుని పొలం పైపు వాడతామని మూడు బృందాలు రాశాయి. శ్రీలంక, కెన్యా, పెరూ. నాలుగోది ఆమెదే.

పైపు ఇచ్చింది నరసింహారావు. మాజీ సర్పంచి. నలభై ఎకరాల్లో మిరప వేస్తాడు. ఎలక్షన్లు దగ్గరికొచ్చాయి, మళ్ళీ నిలబడుతున్నాడు. శనివారం సాయంత్రం స్కూలు గేటు దగ్గర పైపు చుట్ట అందిస్తూ వీడియో తీయించుకున్నాడు.

"ఏంది టీచరమ్మా, మా పైపు ఫారిన్ పోతందంటగా?"

"పైపు పోదండీ. వీడియో పోద్ది."

"మా మొహం గూడా పోద్దా?"

"పోద్దండీ."

"అట్టయితే ఇంకో యాభై మీటర్లు దీస్కో."

అందరూ నవ్వారు. ఆ వీడియోను యమున అప్పుడే గ్రూపులో పెట్టింది.

అది ముప్పావు అంగుళం నల్ల పైపు. పురుగుమందు కలిపే డ్రమ్ము నుంచి చేలోకి మందు తీసుకుపోయే పైపు. ఆ సంగతి నరసింహారావు చెప్పలేదు. యమున అడగలేదు. నీళ్ళ పైపనుకుంది. పైన సబ్బునీళ్ళతో కడిగించింది. వాసన వచ్చిన మాట నిజం. మిరప కాసే నెలల్లో ఆ ఊళ్ళో బట్టలకు, బస్సు సీట్లకు, మంచినీళ్ళ గ్లాసుకు అదే వాసన. దాన్ని వాసన అని ఎవరూ అనుకోరు.

ఆదివారం ఐదున్నరకు పైపు ముక్కలు కోశారు. చివరలు వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక జాయింటు దూర్చి గుండ్రం చేయడం సంజన పని. ఆ పిల్లకు చేతి నేర్పు ఉందని యమునే అప్పజెప్పింది. కొన్ని ముక్కల్లో నీళ్ళలాంటిది నిలిచి ఉంది. సంజన ఆ ముక్కలను నోటితో పీల్చి ఉమ్మింది. చేలో నీళ్ళ ఇంజను ఎత్తేటప్పుడు పైపులో నీళ్ళు అలాగే లాగుతారు. ఆ ఊళ్ళో పదేళ్ళ పిల్లలకు కూడా ఆ పని వచ్చు. సంజనకు తాత పెదకోటయ్య నేర్పాడు.

"చేదుగుంది మేడం."

"బోరు నీళ్ళమ్మా. ఉమ్మెయ్."

ఈ రెండు మాటలూ యమున తర్వాత పోలీసులకు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది.

సంజనను ముందు ఆర్‌ఎంపీ సుధీర్ బాబు గదికి మోసుకుపోయారు. అతను సెలైన్ పెట్టాడు. "ఖాళీ కడుపుతో ఎగిరితే ఇంతే" అన్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే దగ్గర్లో బండి లేదు, గంట పడుతుందన్నారు. ఊళ్ళో కార్లు రెండు. ఒకటి పెళ్ళికి పోయింది. రెండోది నరసింహారావుది. కబురు పెడితే, తొమ్మిది కావస్తుండగా ఆయన కారులోనే వచ్చి బయట నిలబడ్డాడు.

తొమ్మిదింటికి పెదకోటయ్య వచ్చాడు. విజయపురి సౌత్‌లో చావుంటే శుక్రవారం సాయంత్రం పోయి, అప్పుడే బస్సు దిగాడు. తల్లీ తండ్రీ లేని సంజనను పెంచింది అతనే. నరసింహారావు చేలో మందు కొట్టేదీ అతనే. మంచం దగ్గర వంగి మనవరాలి నోరు వాసన చూశాడు. లేచి, గుమ్మంలో పిల్లలు పడేసిన హూపుల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దానికి ఒకచోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది.

"ఈ కట్టు నేను గట్టిందే" అన్నాడు. "శుక్రవారం పొద్దున దీంట్లోంచే మోనో మందు గొట్టా."

"ఒరేయ్ కోటయ్యా, ఏది బడితే అది మాట్టాడమాక" అన్నాడు నరసింహారావు. "ఫిట్సు. పిల్లకి ఫిట్సొచ్చినయ్."

"ముప్పయ్యేళ్ళుగా కొడతన్నానయ్యా. నాకు తెలవదా? పోయినేడు నాకే మందెక్కితే మీరేగా ఆస్పత్రికి తీస్కపోయింది."

నరసింహారావు యమున వైపు తిరిగాడు.

"టీచరమ్మా, బండి నాది. ఇప్పుడే పేట పోదాం. ఆస్పత్రిలో ఫిట్సనే చెప్పాల. పైపు మాట ఎవురూ ఎత్తగూడదు. నీ ఫోన్లో గూడా."

"ఫోన్లో ఉండేదంతా వేరే దేశాలోళ్ళండీ. వాళ్ళు గూడా ఇట్టాంటి పైపులే..."

"ఏ దేశమైతే ఏంది? పొద్దున నువ్వు పెడితే మాపటికి మాచర్లలో జూస్తారు. నా మొహం ఎక్కించింది నువ్వేగా?"

యమున గోడ గడియారం చూసింది. తొమ్మిదీ పది. కెన్యా ఏడున్నరకు యాభై నిమిషాలుంది. ఆటోలో అయితే నరసరావుపేటకు రెండు గంటలు.

"ఒప్పుకో తల్లీ" అన్నాడు పెదకోటయ్య. "నీ కాళ్ళు మొక్కుతా. ముందు పిల్ల పేట జేరాల."

"సరేనండీ" అంది యమున.

తొమ్మిదీ ఇరవైకి కారు బయలుదేరింది. డ్రైవరు మౌలాలీ. ముందు సీట్లో నరసింహారావు. వెనక సంజన తల యమున ఒళ్ళో, కాళ్ళు తాత ఒళ్ళో. చొంగ తుడవడానికి పెదకోటయ్య తలగుడ్డ విప్పి ఇచ్చాడు. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురక వినిపిస్తోంది. యమున ఫోను కుడిచేతిలో ఉంది. తొమ్మిదీ నలభై నాలుగుకు ఆమె గ్రూపు తెరిచి, ఇంగ్లీషులో 'ఆపండి' అని కొట్టింది. అద్దంలో నరసింహారావు కళ్ళు కనిపించాయి. కొట్టిన మాట చెరిపేసింది.

కెన్యా బృందాన్ని నడిపేది వాంజిరు. ఆమెది పూలతోటల పక్క ఊరు. కింద ఇళ్ళ దగ్గర నెట్ ఉండదు. ఆడే స్థలం గుట్టమీద ఉంది. గుట్ట ఎక్కితేనే ఆమెకు మెసేజీలు వస్తాయి, ఆమె మెసేజీలు పోతాయి. పట్టికలో కెన్యా పేరు పక్కన యమున ఆ సంగతి కూడా రాసి పెట్టింది.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి యమున ఫోనుకు మెసేజ్ వచ్చి మోగింది.

"మౌలాలీ, బండి పక్కకి దియ్" అన్నాడు నరసింహారావు. మౌలాలీ వేగం తగ్గించాడు కాని ఆపలేదు. "ఎవరది?"

"కెన్యా నుంచండీ."

"ఏమంట?"

"మొదలెడతన్నామంటన్నారు."

"నువ్వేం జెప్పబోతన్నవ్?"

సంజన కాళ్ళు ఒకసారి బిగుసుకుని వదిలాయి. పెదకోటయ్య యమున మోకాలు పట్టుకున్నాడు.

"ఏం లేదండీ."

"పోనీరా."

వాంజిరు మెసేజ్ పక్కన టిక్కులు నీలమయ్యాయి. యమున చదివినట్టు అవతల తెలుస్తుంది. ఆ మెసేజ్‌లో మూడే మాటలున్నాయి. పదకొండు మందిమి. సిద్ధం. మొదలుపెడుతున్నాం.

పదీ పన్నెండుకు కెన్యా వీడియో వచ్చింది. యమున తెరవలేదు.

పదీ ముప్ఫై ఐదుకు నరసరావుపేటలో ఆస్పత్రి ముందు కారు ఆగింది. స్ట్రెచర్ మీదకు ఎక్కిస్తుండగానే నరసింహారావు మొదలుపెట్టాడు. "ఫిట్సు డాక్టరమ్మా. ఖాళీ కడుపుతో..."

డ్యూటీ డాక్టరు పేరు హిమజ. సంజన కనురెప్ప ఎత్తి టార్చి వేసింది. రెండో కన్ను కూడా చూసింది.

"ఫిట్సు కాదు. పురుగుమందు. ఏ మందో చెప్పండి."

ఎవరూ చెప్పకముందే ఆమెకు తెలిసింది. కన్ను చూడటానికి పట్టింది అర నిమిషం.

"మోనో అమ్మా" అన్నాడు పెదకోటయ్య.

"నోట్లోకి పోయింది" అంది యమున. "ఆరున్నర ప్రాంతంలో. పైపులోది పీల్చింది. నేను పక్కనే ఉన్నా."

"నాలుగ్గంటలు ఏం జేశారు?"

నరసింహారావు ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. కారు మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉంది. నరసింహారావు పొమ్మన్నా మౌలాలీ కదల్లేదని తర్వాత పెదకోటయ్య చెప్పాడు.

పదీ నలభై మూడుకు యమున క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిలబడి గ్రూపులో రాసింది. నేను రాసిన పేజీలో నాలుగో వాక్యం తప్పు. పొలం పైపుతో చేసిన హూపులు వెంటనే వదిలేయండి. పైపును నోటితో ఊదినవాళ్ళు, పీల్చినవాళ్ళు ఉంటే ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పురుగుమందు అని చెప్పండి. మా పిల్లల్లో ఒకమ్మాయి ఆస్పత్రిలో ఉంది. ఇదే మాట విడిగా శ్రీలంకకు, కెన్యాకు, పెరూకు పంపింది.

నాలుగు నిమిషాల్లో శ్రీలంక నుంచి జవాబు వచ్చింది. వాళ్ళకు పొలం పైపు దొరకలేదు, కొళాయి పైపు కొన్నారు. నియమం తప్పినందుకు ఇన్నాళ్ళూ చెప్పలేదట. క్షమించమని రాశారు. పెరూలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఇనేష్ ఫోన్ చేసి అక్కడివాళ్ళను లేపింది. వాళ్ళ హూపులు ద్రాక్షతోటలో మందు కొట్టిన పైపుతో చేసినవే. ఉదయం ఆట మానేశారు.

కెన్యాకు పంపిన మెసేజ్ పక్కన టిక్కు ఒక్కటే పడింది. అంటే ఇక్కడి నుంచి పోయింది, అక్కడ చేరలేదు. యమున ఆ నంబరుకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. కలవలేదు. ఇనేష్ కెన్యాలో తెలిసిన ఇద్దరితో మాట్లాడింది. వాళ్ళు ఉండేది ఆ ఊరికి ఎనిమిది గంటల దూరంలో. ఒకరు బయలుదేరతానన్నారు.

మధ్యాహ్నం యమున కెన్యా వీడియో తెరిచి చూసింది. పదకొండు మంది. ముగ్గురు చిన్నపిల్లలు. హూపులు నల్లవి. పదహారు సెకన్లలో ఎవరూ లెక్క తప్పలేదు.

సాయంత్రం ఇనేష్ వీడియో పని ఆపేస్తున్నట్టు గ్రూపులో రాసింది.

సోమవారం పోలీసులు ఊరికి వచ్చి హూపులు పట్టుకెళ్ళారు. ఇరవై నాలుగూ దొరికాయి. తనిచ్చింది నీళ్ళ పైపేనని నరసింహారావు రాసిచ్చాడు. ట్యూబు కట్టు తనదేనని పెదకోటయ్య వేలిముద్ర వేశాడు. మంగళవారం నుంచి అతన్ని పనిలోకి రావద్దన్నారు. మిగతా పిల్లల్లో నలుగురికి వాంతులయ్యాయి. వాళ్ళను ఒకరోజు ఉంచుకుని పంపేశారు.

మంగళవారం మధ్యాహ్నం సంజనకు వెంటిలేటర్ తీశారు. డాక్టరు పేరడిగితే చెప్పింది. ఊరు పేరు చెప్పింది. మంచం పక్కన నిలబడ్డది ఎవరని అడిగితే, "తాత" అంది. యమునను చూపించి అడిగితే చాలాసేపు చూసి, "లెక్క తప్పానా మేడం?" అంది.

ఇనేష్‌కు తెలిసిన మనిషి మంగళవారం రాత్రి ఫోన్ చేశాడు. వానకు దారి తెగింది, ఊరు చేరలేకపోయాడు.

బుధవారం ఉదయం తొమ్మిదీ ఐదుకు కెన్యా మెసేజ్ పక్కన రెండో టిక్కు పడింది. తొమ్మిదీ పదకొండుకు రెండు టిక్కులూ నీలమయ్యాయి. గురువారం సాయంత్రం ఆరింటి దాకా జవాబు రాలేదు.