బూజు పట్టిన సగం

నేను ఒక పైన్ ఆకుని. సూదిలా ఉంటాను. అనంతగిరి కొండ మీద ఒకే తొడుగులోంచి ముగ్గురం పుట్టాం. పచ్చగా ఉన్నప్పుడే నాలోకి బూజు దిగింది. పుస్తకాల్లో దాన్ని శిలీంధ్రం అంటారట. అది నన్నేమీ చెయ్యలేదు. కూర్చుంది. నేను ఎప్పుడు రాలతానా అని చూస్తోందని నాకు తెలుసు. చెట్టు మీద ఉన్నంత కాలం ఆ భయంతోనే ఉన్నాను.

రాలాను. సగం పాత ఆకుల్లో దిగబడ్డాను, సగం ఎండలో ఉండిపోయాను. లోపలిది తినడం మొదలుపెట్టింది. నేలలోంచి ఇంకో బూజు తెల్లటి దారాలతో ఎక్కివచ్చింది. రెండూ ఎదురైన చోట నా ఒంటి మీద నల్లగీత పడింది. మనుషులు గట్టు దగ్గర కొట్టుకుంటారు. ఇవి పంచుకున్నాయి. పంచుకున్నది నన్ను.

దిగువన కొర్రా జమున కాఫీ తోట ఉంది. కిందటేడు వేళ్లు కుళ్లి మొక్కలన్నీ పోతే ఆమె కూలికి పోయింది. ఈసారి మళ్లీ నాటింది. ఎండాకాలంలో పుల్లల కోసం వచ్చి మమ్మల్ని కాలితో కదిపింది. తెల్లదారాలు కనబడ్డాయి. తన మొక్కల్ని తిన్నది ఇదే అనుకుంది. అది వేరు, ఇది వేరు. చెప్పడానికి నాకు నోరు లేదు.

మర్నాడు చేతిగొర్రు తెచ్చి, తన తోట కంచె వారన ఆకులు గీకి ఎండలో పోగు వేసింది. భర్త బొంజుబాబు రాయి మీద కూర్చుని చూశాడు.

"ఏటే, అడవికి తల దువ్వుతున్నావా?"

"కాల్సేస్తాను."

"గాలి నీ ఇంటి కోడలేటి, సెప్పినట్టు ఇనడానికి?"

"మొక్కలు పోతే మల్లీ కూలికి నువ్వెల్తావా?"

ఆమె అగ్గిపెట్టె తీసింది. బూజు భయం నాకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

పైన ఎండిన ఆకులు భగ్గుమన్నాయి. గాలి దిగువకు తిరిగింది. పోగు వేసిన చోట మంట కంచె దాకా పోయి దాని వెదుళ్లకు అంటుకుంది. మొదటి వరస మొక్కల ఆకులు ముడుచుకున్నాయి. బొంజుబాబు పచ్చికొమ్మ విరిచి బాదాడు. జమున చేతులతో మట్టి విసిరింది. గొర్రు తగలని చోట మాత్రం దారాలు మమ్మల్ని చాపలా అల్లి తడిని పట్టి ఉంచాయి. అక్కడ మంట పొగై ఆగింది. నేను నల్లగీత దాకా కాలాను.

కంచె మంట కూడా ఆరాక జమున నా పక్కన కూలబడింది. చాప అంచు ఎత్తి పిండింది. చేతివేళ్లు తడిశాయి.

"ఇదే ఆపిందా?"

"ఆపింది."

"రేపు మొక్కల మీదకొస్తే?"

అతను కాలిన కంచె వైపు చూశాడు. ఆమె చాపను ఉన్నదాన్ని ఉన్నట్టే పరిచి, గొర్రు ఎత్తుకుని వెళ్లిపోయింది.

వానలు పడ్డాయి. రోజూ పొద్దున్నే ఆమె మొక్కల మొదళ్లలో తెలుపు కోసం వెతుకుతుంది. ఇంతవరకు రాలేదు. నాలోకి మాత్రం వచ్చేసింది. మిగిలిన సగం మెత్తబడింది, నల్లగీత చెరిగిపోతోంది. 'నేను' అని అంటూనే ఉన్నాను గానీ, ఈ మాట్లాడుతున్న దాంట్లో ఆకు ఎంతో, బూజు ఎంతో నాకు తెలియడం లేదు.