బుడగల్లో అక్షరాలు ఎవరివి

మా మనీలా కామిక్స్ కళాకారుల సంఘానికి బతికున్నవాళ్ల మీద పెద్ద గురి లేదు. పోయాక మాత్రం ఫలకం పట్టుకుని పరిగెత్తుకొస్తారు. నా భర్త పేరు క్రిసాంతో. పోయిన ఆరేళ్లకి ఆయన్ని ఉత్తమ అక్షరశిల్పి అన్నారు. అంటే బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర బుడగలుంటాయే, వాటిలో మాటలు రాసినందుకు.

ఆ మాటలు రాసింది నేను. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక ఇరవై రెండేళ్లు రాశాను. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. రచయిత పెన్సిలుతో రాసిన గీతల్ని చూసి, చెట్టునో పిట్టనో గీసినట్టు సిరాతో దించేదాన్ని. ఆయన పోయాక, అరవై ఒకటో ఏట, చర్చి వెనక బళ్లో చదువు నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ ఎంత చెత్త రాశానో అప్పుడు తెలిసింది.

ఆ బహుమతి సభకి ఒక్క పని మీదే వెళ్లాను. ఆ ఫలకం మీద నా పేరుండాలి.

సంఘం అధ్యక్షుడు బాల్దోమెరో, పాన్సిత్ నూడుల్స్ నములుతూ నా మాట విన్నాడు.

"పానింగమ్మా, అప్పుడు మీకు చదువే రాదు కదా! రాయడమేమిటి? పోయినాయన పరువు తీయకండి."

"చదువొచ్చినవాళ్లెవరూ అంత చవగ్గా దొరకలేదు, బాల్దో గారూ."

"సాక్ష్యం ఉందా?"

గోడకి తగిలించిన పాత పేజీ చూపించాను. అందులో కత్తి ఎత్తిన హంతకుడు అంటున్నాడు: 'ఇక్కడ చిన్నగా రాయి, చోటు చాలదు.' అరగంట క్రితమే అధ్యక్షుడు దాని ముందు నిలబడి ఉపన్యాసం దంచాడు. అది సెన్సారు మీద మా ఆయన విసిరిన చురక అట.

"చురకా లేదు, వాతా లేదు. బుడగ పక్కన, అక్షరాలు దించేవాళ్ల కోసం రచయిత రాసిన సూచన అది. చదవలేక దాన్నే లోపలికెక్కించాను. మా ఆయనకి చదువొచ్చు. ఆయనైతే అలా రాస్తాడా?"

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది.

అధ్యక్షుడు నా చెవి దగ్గరికి వంగాడు. "ఆ చురక మీద పుస్తకం రాశానమ్మా. సంఘం నాకు పతకం కూడా ఇచ్చింది."

"నా పేరు చెక్కిస్తే మీ పుస్తకం ఊసెత్తను. లేదంటే మైకు ఇటివ్వండి, ఆ సంగతీ చెబుతాను."

నాకు మైకు అందేలోపే ఆయన వేదిక ఎక్కి, ఎపిఫానియా అని నా పూర్తి పేరు గట్టిగా చదివాడు. ఫలకం తర్వాత మార్పిస్తామన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి వీధి మలుపులో ఫలకాల మీద పేర్లు చెక్కేవాణ్ణి పిలిపించారు. వాడు చెక్కుతున్నంతసేపూ పక్కనే నిలబడి, ఒక్కో అక్షరం చదువుకున్నాను.