పొడిగుడ్డ పాఠాలు

అశోక్‌నగర్‌లో మేడమీది వాటాలో కిరాయికి ఉంటూ విద్యాసాగర్ గారు సాయంత్రాలు క్లారినెట్ నేర్పేవారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. భార్య కమల పోయాక దీపాలు పెట్టేవేళకు ఇల్లు మరీ మూగబోతోందని, పోలీసు బ్యాండులో పనిచేసిన మేనమామ దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న విద్యను మళ్ళీ బయటికి తీశారు. వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో. వాళ్ళు మెట్లెక్కే చప్పుడు వినబడితే చాలు, ఆయనకు ఆ పూట గడిచిపోయినట్టే.

తొంభై ఆరు వేసవిలో ఆయన పైవరస పళ్ళు పోయాయి. నారాయణగూడ డాక్టరు మిగిలినవి కూడా పీకేసి కట్టుడుపళ్ళు పెట్టాడు. అన్నానికి, మాటకు పరవాలేదు. క్లారినెట్ మూతి మీద పై పళ్ళు ఆనిస్తే మాత్రం ఆ పళ్ళ సెట్టు ఒక పక్కకు లేచి టక్కుమనేది. ఊపిరి పక్కనుంచి జారిపోయి, వాద్యం తుప్పుపట్టిన గేటులా కీచుమనేది. డాక్టరిచ్చిన అంటించుకునే పొడి కూడా వేసి చూశారు. లాభం లేకపోయింది. ఒక్క స్వరమైనా ఊది చూపించలేని గురువు దగ్గరికి ఎవరొస్తారు? క్లాసు మూతపడితే ఆ మూగ సాయంత్రాలు మళ్ళీ మొదటికొస్తాయి.

అప్పటికే పాతవాళ్ళు మానేశారు. సరిగ్గా అప్పుడే చిక్కడపల్లి నుంచి ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. మనోరమ నలభై దాటిన మనిషి, టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. ఆమె వెంట డిగ్రీ చదివే మేనల్లుడు తరుణ్.

"ముందు వాద్యాన్ని చూసుకోవడం రావాలి. ఊదేది తర్వాత," అన్నారు విద్యాసాగర్ గారు, వాళ్ళ మొహాల వంక చూడకుండా.

మొదట ముక్కలు జోడించడం నేర్పారు. ముక్కల చివర బెండు చుట్టిన చోట కాస్త గ్రీజు రాసి, తిప్పుతూ దించాలి గాని తొయ్యకూడదు. ఆ తర్వాత రీడ్ సంగతి. ఆ పల్చటి బద్దే పలికేది కాబట్టి వాడాక తుడిచి, గాజుపలక మీద వంకర పోకుండా ఆరబెట్టాలి. అదీ అయ్యాక తుడవడం పట్టుకున్నారు. బూటు లేసుకు ఒక చివర చిన్న నట్టు, రెండో చివర మెత్తటి గుడ్డ. నట్టును గొట్టంలోకి జారవిడిచి కిందనుంచి లాగితే లోపలి తడి గుడ్డకు వచ్చేస్తుంది. తడి నిలిచిపోతే కర్ర పగులుతుంది. ఆ గుడ్డలు కమల నేతచీరలవి. ఎందుకో ఒకందుకు పనికొస్తాయని ఆమే చింపి సంచీలో దాచింది.

ఊదని వాద్యంలోంచి గుడ్డ పొడిగానే వచ్చేది. "మళ్ళీ," అనేవారాయన.

"సార్, మా అమ్మ అడుగుతున్నది," అన్నాడు ఒకరోజు తరుణ్. "క్లారినెట్ నేర్సుకుంటున్నవా, గిన్నెలు తోముడు నేర్సుకుంటున్నవా అని."

"ఇంట్ల ఒక్క చెంచ కడగవు. గిదన్న నేర్సుకో," అంది మనోరమ.

"తుడిచేది వస్తే సగం వచ్చినట్టే," అన్నారాయన.

"మిగతా సగం ఎప్పుడు సార్?"

"జర ఓపిక పట్టు."

తర్వాతి క్లాసులో మనోరమ తన క్లారినెట్ పెట్టె తెరుస్తూ తటపటాయించింది. "కోపం చేసుకోకుండ్రి సార్. ఆగలేక నిన్న ఇంట్ల ఊదిన. పై పళ్ళు జివ్వుమన్నయి, తల దాంక ఎక్కింది. అందుకని గిట్ల చేసిన."

పైపెదవిని పళ్ళ మీదికి లోపలికి మడిచి, పళ్ళు తగలకుండా పెదవుల మధ్యే క్లారినెట్‌ను పెట్టుకుంది.

"అచ్చం నాయనమ్మ లెక్కున్నవ్ అత్తా," అన్నాడు తరుణ్.

అట్లా కాదని చెప్పడానికి విద్యాసాగర్ గారు చెయ్యెత్తారు. పై పళ్ళు ఆనించాల్సిందేనని మేనమామ నేర్పిన పద్ధతి. ఆయన నోరు తెరిచేలోగా ధ్వని వచ్చింది. సన్నగా వణుకుతోంది గాని ఎక్కడా కీచు లేదు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. పళ్ళు తగలనే తగలకపోతే, సెట్టు లేచేదెట్లా?

"ఇంకోసారి ఊదమ్మా."

ఆమె ఊదింది. ఆయన తన పెట్టె తెరిచి, ముక్కలు జోడించుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. పైపెదవి మడిచారు. మొదట గాలే వచ్చింది. మళ్ళీ ఊదితే బొంగురుగా ఏదో పలికింది. మూడోసారికి మంద్రస్వరం గదంతా పరుచుకుంది. సెట్టు కదల్లేదు. ఊపిరి అయిపోయేదాకా ఆయన దాన్ని వదల్లేదు.

ఇటు తిరిగేసరికి కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నావి కట్టుడుపళ్ళమ్మా. పెట్టించుకున్నప్పటి నుంచి ఊదలేకపోయిన. అందుకే మీతోని తుడిపిస్తున్న."

"ఎర్కే సార్," అంది మనోరమ మెల్లగా. "మీరు సరిగమ అంటే ముందుగాల ఈల వస్తది."

"మొదటి రోజే పట్టిన," అన్నాడు తరుణ్.

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తరని," అంది మనోరమ. "మానుదమని మాత్రం అనుకోలె సార్. ఈడ కూసోని ఆ గుడ్డ గుంజుతుంటె ఆఫీసు పరేషానంత దిగిపోతుండె."

ఆయన తేలిగ్గా నవ్వి, మళ్ళీ క్లారినెట్ అందుకున్నారు. ఆ సాయంత్రం ముగ్గురూ పెదవులు మొద్దుబారేదాకా ఊదారు. తరుణ్ ఊదినప్పుడు కిందింటివాళ్ళ కిటికీ మూసిన చప్పుడైంది.

వాళ్ళు వెళ్ళే ముందు విద్యాసాగర్ గారు నట్టును తన క్లారినెట్‌లోకి జారవిడిచి లాగారు. గుడ్డ బయటికి వచ్చింది. వేలితో తాకి చూశారు. తడిగా ఉంది. దాన్ని పిండి, కిటికీ ఊచకు ఆరేశారు.